నలభై పేజీల చరిత్రను ఆటగాళ్ళకు చేరవేయడం ఎలా?

ప్రశ్న: ఎనిమిది నెలలుగా ఐదుగురు మిత్రులకు గేమ్ మాస్టర్‌గా ఒక ఫాంటసీ క్యాంపెయిన్ నడుపుతున్నాను: తలా ఒక పాత్ర ధరించి మాటలతో, పాచికలతో ఆడే ఆటలో నెలల తరబడి సాగే కథ అది, దాన్ని నడిపించేవాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. ఆ ప్రపంచానికి నలభై పేజీల చరిత్ర రాసుకున్నాను. మొదటి పేజీ ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. మొదటి సెషన్‌లో ఇరవై నిమిషాల పాటు చదివి వినిపిస్తే అందరూ ఫోన్లు చూసుకున్నారు. తర్వాత ఫైలు పంపితే ఒక్కరే చదివారు, ఇప్పుడు అందరి తరఫునా ఆయనే జవాబులు చెబుతున్నారు. ఒక ముసలి సన్యాసి పాత్రను పెట్టి ఆయన చేత చెప్పించాను. ఆ సన్యాసి దగ్గరికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. గత సెషన్‌లో రాజప్రతినిధి ముందు మావాళ్ళు ఒరాయి వంశం పేరు ఎత్తి హాస్యమాడారు. మూడు వందల ఏళ్ళ కిందటి నదీ యుద్ధంలో ఓడిపోయిన ఆ వంశం పేరు పలకడం మరణశిక్ష పడే నేరమని ఎవరికీ గుర్తు లేదు. ఏం చేయాలో తోచక సెషన్ అక్కడే ఆపేశాను. నేపథ్యాన్ని ఆటలో సహజంగా చెప్పే మార్గం ఏమిటి? గుర్తుందో లేదో తేల్చడానికి పాచికలు వేయించాలా?

సమాధానం: మీ ఉత్తరంలో చివర వచ్చిన సంఘటనతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పేరు మరచిపోయింది మీ మిత్రులు. ఆ దేశంలో పుట్టి పెరిగింది వారి పాత్రలు. పలికితే తల పోయే పేరు ఏదో అక్కడ పదేళ్ళ పిల్లలకు కూడా తెలిసి ఉంటుంది. పాత్రకు తప్పక తెలిసి ఉండే సంగతి ఆటగాడికి తట్టనప్పుడు దాన్ని ఆ క్షణంలోనే అందించవలసిన బాధ్యత గేమ్ మాస్టర్‌ది. "ఒక్క నిమిషం. ఆ పేరు పైకి అంటే ఉరి తీస్తారని మీ పాత్రకు చిన్ననాటి నుంచీ తెలుసు. అయినా అంటారా?" అని మీరు అడిగి ఉంటే, ఆటగాడు మాట వెనక్కి తీసుకునేవాడు, లేదా తెలిసి తెలిసి అనేవాడు. ఈ రెండింటిలో ఏది జరిగినా మీ చరిత్రలోని అతి ముఖ్యమైన చట్టం ఐదుగురికీ శాశ్వతంగా గుర్తుండిపోయేది.

"సహజంగా" అన్న మాట దగ్గర నాకొక అభ్యంతరం ఉంది. సహజం అంటే కథలోని ఎవరో ఒకరి నోటితో చెప్పించడమేనని మనలో చాలామంది గేమ్ మాస్టర్లు అనుకుంటారు, మీ సన్యాసి అలా పుట్టినవాడే. ఊకదంపుడు ఉపన్యాసానికి గడ్డం అంటించి చేతికి కర్ర ఇచ్చినంత మాత్రాన అది సంభాషణ అయిపోదు. పైగా మీరు నేరుగా చెబితే రెండు నిమిషాల్లో ముగిసేది, సన్యాసి దగ్గులతో, నిట్టూర్పులతో కలిపి పది నిమిషాలు పడుతుంది. గేమ్ మాస్టర్ తన సొంత గొంతుతో సూటిగా చెప్పే ఒక వాక్యం ఆటలో అసహజమేమీ కాదు. ఎవరు చెబుతున్నారన్నది కాదు ఇక్కడ సమస్య, ఎప్పుడు చెబుతున్నారన్నది. ఆటగాడు ఒక నిర్ణయం ముందు నిలబడి, దానికి కావలసిన సంగతి కోసం చూస్తున్నప్పుడు చెప్పినది అతనికి అంటుకుంటుంది. ఆ నిర్ణయం ఇంకా పుట్టకముందు చెప్పింది ఎంత అందంగా ఉన్నా జారిపోతుంది.

మీరు పంపిన మొదటి పేజీని కలం పట్టుకుని చదివాను. అందులో పదకొండు పేర్లున్నాయి: నలుగురు రాజులు, మూడు వంశాలు, రెండు నదులు, ఒక దేవత, ఒక ఒప్పందం. మనిషి మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగే అంశాలు ఏడుకు అటూ ఇటుగా ఉంటాయని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే మరో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ అంచనాను సుమారు నాలుగుకు తగ్గించాడు. మీ మిత్రుల మనసులో ఆ నాలుగు స్థానాలు కూడా ఖాళీగా లేవు, ఎందుకంటే మొదటి సెషన్‌లో వారు తమ పాత్ర పేరు, తోటి పాత్రల పేర్లు, ఏ పాచిక ఎప్పుడు వేయాలన్న నియమాలు కూడా కొత్తగా మోస్తుంటారు. అందుచేత ఒక సెషన్‌కు కొత్త పేర్లు రెండు, మహా అయితే మూడు చాలు. అవి కూడా ముందు పని, తర్వాత పేరు అన్న క్రమంలో రావాలి. "వంతెన సుంకం వసూలు చేసే అధికారి" అని రెండుసార్లు తారసపడిన మనిషికి మూడోసారి పేరు చెబితే ఆ పేరు నిలుస్తుంది. పేరుతో మొదలైన మనిషి పక్క వాక్యంలోనే మాయమవుతాడు.

దీన్ని మీరు ఒక్కరే ఎదుర్కోవడం లేదు, ఈ క్రీడ పుట్టిన నాటి నుంచీ ఉన్న సమస్య ఇది. ఈ తరహా ఆటల్లో మొదట అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని ప్రచురించిన సంస్థ ఎం. ఏ. ఆర్. బార్కర్ రాసిన మరో ఆట ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్‌ను ప్రచురించింది. బార్కర్ భాషాశాస్త్ర ఆచార్యుడు; తన టేకుమెల్ ప్రపంచానికి భాషలు, లిపులు, దేవతలు, వేల ఏళ్ళ చరిత్ర కల్పించుకున్నవాడు. మీ నలభై పేజీలు ఆయన ముందు లెక్కలోకి రావు. అంతటి ప్రపంచాన్ని కొత్త ఆటగాళ్ళ ముందు పెట్టడానికి ఆయన ఎంచుకున్న ఉపాయం చాలా సాదాది: పాత్రలందరూ ఎక్కడి నుంచో చిన్న పడవలో వచ్చి జకాల్లా అనే రేవులో దిగిన పరదేశీయులు. వారికి ఏమీ తెలియదు, ఆటగాళ్ళకూ ఏమీ తెలియదు, కాబట్టి పాత్ర అడిగే ప్రశ్నా ఆటగాడు అడిగే ప్రశ్నా ఒకటే అవుతుంది. మీ క్యాంపెయిన్ ఎనిమిది నెలలు నడిచింది కనుక ఇప్పుడు అందరినీ పరదేశీయులను చేయలేరు. అయినా మీ పాత్రలు ఇంతవరకూ చూడని ప్రాంతానికి కథను నడిపిస్తే అదే ప్రయోజనం కొంత దక్కుతుంది.

ఇక అసలు పనికి వద్దాం. మీ చరిత్రలోని ప్రతి అంశాన్నీ తీసుకుని, దాని జాడ ఈనాడు ఎక్కడ మిగిలి ఉందో, ఆ జాడ ఎవరి దారికి అడ్డం వస్తుందో రాసుకోండి. ఒరాయి వంశాన్నే తీసుకుందాం. మూడు వందల ఏళ్ళ కిందట యుద్ధంలో ఓడిపోయారన్నది మీకు చరిత్ర, ఆటగాడికి శూన్యం. కాని ఆ వంశం ముద్రించిన నాణేలు ఇంకా చెలామణీలో ఉన్నాయనీ, వాటి మీది రాజుల ముఖాలను ఉలితో చెరిపేస్తేనే తీసుకోవాలని చట్టం ఉందనీ అనుకోండి. మీ పాత్రలు ఒక సమాధిలో వంద బంగారు నాణేలు దొరకబుచ్చుకుని వచ్చి, ఆ డబ్బుతో గుర్రాలు కొనబోతారు. వ్యాపారి ఒక నాణెం తిప్పి చూసి, ముఖం చెక్కుచెదరకుండా ఉందని గమనించి, చేయి కాల్చుకున్నట్టు బల్ల మీద పడేసి, తలుపు మూసేస్తాడు. ఆ క్షణంలో ఐదుగురూ ఒకేసారి "ఏమైంది?" అని అడుగుతారు. మీరు ఇరవై నిమిషాలు చదివి సంపాదించలేని ప్రశ్న అది. ఇప్పుడు రెండు వాక్యాల్లో జవాబు చెప్పండి, మూడో వాక్యం వారు అడిగే దాకా ఆగండి.

అక్కడితో ఆ నాణెం పని అయిపోలేదు. తర్వాతి సెషన్‌లో వంతెన దాటుతుంటే స్తంభం మీది శాసనంలో ఒక పదం ఉన్న చోట మాత్రమే రాయి గుంటపడి కనిపిస్తుంది. మీరు ఏమీ వివరించనవసరం లేదు, ఎవరో ఒకరు "ఇది కూడా ఒరాయి వాళ్ళదే" అంటారు. ఆ తర్వాత ఎప్పుడో, రాజప్రాసాదంలోని ఒక గదిలో ముఖం చెరపని విగ్రహం ఒకటి తెర వెనుక దాచి ఉందని చూపించండి. మీ నోటితో ఒక్క మాట చెప్పకుండానే అక్కడ ఒక కుట్ర ఉందని అందరికీ తెలిసిపోతుంది. ఒకే సంగతి మూడు చోట్ల మూడు రూపాల్లో కనిపించడం వల్ల రెండు లాభాలున్నాయి: మొదటిసారి ఫోను చూసుకుంటున్నవారికి రెండోసారి దొరుకుతుంది, రెండోసారి పట్టుకున్నవారికి మూడోసారి తాము తెలివైనవాళ్ళమన్న తృప్తి కలుగుతుంది. పరిశోధన ప్రధానమైన కథల గురించి, గేమ్ మాస్టర్ల కోసం వ్యాసాలు రాసే జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాసిన సూత్రం కూడా ఇదే తీరులో ఉంటుంది. ఆటగాళ్ళు చేరుకోవాలని మీరు కోరే ప్రతి నిర్ధారణకూ కనీసం మూడు ఆధారాలు పెట్టమంటాడు, ఎందుకంటే ఒకటి కంటబడదు, ఒకటి అర్థం కాదు, మూడోది పని చేస్తుంది.

జాడ దొరకని అంశాలు కూడా మీ నలభై పేజీల్లో చాలా ఉంటాయి. ఒక రాజు తర్వాత మరో రాజు వచ్చిన వరుసక్రమం వల్ల ఈనాడు ఎవరి దారీ మళ్ళకపోతే, దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. అది వృథా అయిందని బాధపడకండి, ఆటగాళ్ళు ఊహించని దిక్కుకు వెళ్ళినప్పుడు మీరు తడుముకోకుండా జవాబివ్వగలిగేది దాని బలంతోనే. నా సొంత అనుభవం చెబితే నవ్వుతారు. ఒకప్పుడు నేను మూడు రాత్రులు కూర్చుని ఇరవై నాలుగు పాదాల భవిష్యవాణి పద్యం రాసి, ఆవేశంగా చదివి వినిపించాను. రెండు వారాల తర్వాత అడిగితే అందులో ఒక్క పాదమూ ఎవరికీ గుర్తు లేదు, కాని ఆ గుడి బయట కట్టేసిన కంచరగాడిద మనుషులను కరుస్తుందని నేను మాటవరసకు అన్నది అందరికీ గుర్తుంది, ఎందుకంటే అది వారిలో ఒకరిని కరిచింది.

మనుషుల చేత చెప్పించడం తప్పని నేను అనడం లేదు, చెప్పేవాడికి ఏదో ఒకటి కావాలి అంటున్నాను. మీ సన్యాసికి ఆటగాళ్ళ నుంచి కావలసింది ఏమీ లేదు, అందుకే ఆయన గోడకు తగిలించిన పటంలా మిగిలిపోయాడు. పడవ నడిపేవాడికి తన కొడుకును సైన్యం నుంచి విడిపించాలన్న కోరిక ఉంటే, నదీ యుద్ధాన్ని అతను "మా తాతలకు జరిగిన ద్రోహం" అంటాడు. వంతెన దగ్గరి కావలి సైనికుడు అదే యుద్ధాన్ని "విమోచన" అంటాడు, అని ఊరుకోకుండా పడవవాడు ఏమన్నాడో ఆరా తీస్తాడు. ఒకే సంఘటనకు రెండు కథనాలు విన్న ఆటగాళ్ళు ఏది నిజమని తమలో తాము వాదించుకోవడం మొదలుపెడితే, మీరు కుర్చీలో వెనక్కి వాలవచ్చు. ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని మాత్రం మరచిపోవద్దు: అబద్ధమాడే వ్యక్తి నోట తప్ప మరెక్కడా దొరకని సత్యం మీద కథ నిలబడకూడదు. ఏ పాత్ర మాట్లాడినా మూడు వాక్యాలకు మించకుండా ఆపి ఆటగాళ్ళ ముఖాలు చూడండి. ప్రశ్న వస్తే కొనసాగించండి, రాకపోతే ఆ పాత్రకు వేరే పని చెప్పండి.

చదివి వినిపించే పేరాల గురించి కూడా ఇదే మాట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ సాహసాల పుస్తకాల్లో పెట్టె గీసి ముద్రించే పేరాలను చూసి మనకు పొడవుగా చదివే అలవాటు వచ్చింది. రెండు మూడు వాక్యాల్లో ముగించి, ఆటగాడు చేయి వేయగలిగే వస్తువును చివర చెప్పండి. తలుపు గురించి ముందు చెప్పి గోడల మీది చిత్రాల చరిత్రతో ముగిస్తే, తలుపు ఉందని గుర్తు చేయవలసి వస్తుంది.

కాగితం మీద ఇవ్వడం మంచి పద్ధతే, కాని మీరు పంపిన ఫైలు లాంటిది కాదు. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు ఆటలో ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు, డైరీ పుటలు తయారుచేసి ఆటగాళ్ళ చేతికి ఇచ్చే సంప్రదాయం బాగా స్థిరపడింది. ఆ కాగితం కథలోని వస్తువు, దాన్ని ఎవరో ఎవరికో ఒక అవసరంతో రాశారు, ఆటగాడు దాన్ని ఏదో ఒకటి చేసి సంపాదించాడు. నలిగిపోయి మడతలు పడిన అరపేజీ ఉత్తరం దొరికిన ఆటగాడు దాన్ని తన గొంతుతో మిగిలిన నలుగురికీ చదివి వినిపిస్తాడు, మీరు చదివితే వినని వారు అతను చదివితే వింటారు. అరపేజీ దాటనివ్వకండి. అందులో జవాబు లేని ప్రశ్న ఒకటి ఉంచండి.

మీ ఫైలంతా చదివిన ఆ ఒక్క మిత్రుని సంగతి. ఆయన మీద విసుక్కోకండి, మీరు అడిగిన పని చేసిన ఏకైక మనిషి ఆయనే. అయితే ఐదు పాత్రల తెలివీ ఒకే మనిషి దగ్గర పోగుపడినంత కాలం మిగిలినవారికి అడగవలసిన అవసరమే రాదు. దీనికి మందు జ్ఞానాన్ని పంచడం. ప్రతి పాత్రకూ అతని వృత్తిని బట్టి నాలుగేసి వాక్యాల చీటీ ఒకటి రాసి ఇవ్వండి: పూజారికి నదీ దేవత వ్రతభంగానికి శిక్ష ఏమిటో తెలుసు, దొంగరవాణా చేసేవాడికి చెరపని నాణేలు ఎవరు కొంటారో తెలుసు, మాజీ సైనికుడికి వంతెన కాపలా ఎప్పుడు మారుతుందో తెలుసు. ఈ సంగతులు మీ ఫైలులో లేనివై ఉండాలి, లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. అవసరం వచ్చినప్పుడు మీరు "ఇది నీకు తెలుసు" అని పూజారి వైపు చూస్తే చాలు. అతను చీటీ చూసి తన మాటల్లో చెబుతాడు. అప్పుడు నేపథ్యం చెబుతున్నది గేమ్ మాస్టర్ కాదు, ఒక పాత్ర మరో పాత్రకు చెబుతోంది. మీరు వెతుకుతున్న సహజత్వం నాకు తెలిసినంతలో దీనికంటే చవకగా దొరకదు.

పాచికల విషయం. కథ ముందుకు సాగడానికి తప్పనిసరైన సంగతిని పాచికల మీద పెట్టకండి. అవి తక్కువ పడితే కథ ఆగిపోతుంది, ఎక్కువ పడితే మీరు ఎలాగూ చెప్పాలనుకున్నదే చెబుతారు. ఈ చిక్కును సూటిగా తీర్చడానికే ఆటల రూపకర్త రాబిన్ లాస్ ది ఎసోటెరరిస్ట్స్ అనే ఆటతో మొదలైన గమ్‌షూ నియమావళిని రూపొందించాడు. అందులో తగిన నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, పాచికల ప్రసక్తి ఉండదు. దొరికిన దానితో ఏం చేస్తారన్నదే ఆట. పాచికలు తప్పనిసరిగా కావాలనుకుంటే 2012లో వచ్చిన డంజన్ వరల్డ్ అనే ఆట పద్ధతి చూడండి. పాత్ర తన జ్ఞాపకాలను తవ్వుకున్నప్పుడు ఆరు ముఖాల పాచికలు రెండు వేసి బుద్ధి తాలూకు అంకె కలుపుతారు. పది గాని అంతకుమించి గాని వస్తే గేమ్ మాస్టర్ ఆసక్తికరమైన, పనికివచ్చే సంగతి చెప్పాలి, ఏడు నుంచి తొమ్మిది వస్తే ఆసక్తికరమైనది మాత్రమే చెప్పాలి, దాన్ని పనికివచ్చేలా మలచుకోవడం ఆటగాడి వంతు. అందులో నాకు మరీ నచ్చినది, "ఇది నీకెలా తెలుసు?" అని గేమ్ మాస్టర్ తిరిగి అడగవచ్చన్న వెసులుబాటు. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ ఆటగాడు తన పాత్రకు ఒక గురువునో, చెరసాలలో గడిపిన ఏడాదినో కల్పించుకుంటాడు, ఆ కల్పనకు మీ చరిత్ర అతుక్కుని ఉంటుంది.

ఇక్కడ మీకు కొంచెం కష్టం కలిగించే సలహా ఒకటి ఇస్తాను. మీ నలభై పేజీల్లో కొన్ని చోట్లను తెల్లగా వదిలి, వాటిని ఆటగాళ్ళ చేత నింపించండి. "ఒరాయి వాళ్ళ పేరు పైకి అనకూడదు కదా, మీ ఇంట్లో వాళ్ళను ఏ మారుపేరుతో పిలిచేవారు?" అని మాజీ సైనికుడి పాత్ర ఆడే మిత్రుణ్ణి అడిగి, అతను చెప్పిన పేరును నోట్స్‌లో రాసుకుని, మూడు సెషన్ల తర్వాత ఒక శత్రువు నోట వినిపించండి. తాను కల్పించినది ఎవరూ మరచిపోరు. ఏ చోట్లు వదలాలన్నది మీ ఇష్టం. యుద్ధం ఎందుకు జరిగిందన్న రహస్యం మీదే ఉంచుకుని, మారుపేర్లు, పాటలు, వదంతులు, పల్లెల పేర్లు వారికి వదలవచ్చు.

ప్రతి సెషన్ మొదట్లో జరిగిన కథ మీరు చెప్పడం మానేసి, వంతులవారీగా ఒక్కొక్కరి చేత చెప్పించండి. వారు తప్పు చెప్పినా వెంటనే దిద్దకండి. ఏది మిగిలిందో, ఏది జారిపోయిందో ఆ రెండు నిమిషాల్లో మీకు తెలుస్తుంది. వరుసగా రెండు సెషన్లు ఎవరి నోటా రాని అంశం ఉంటే, అది ఈ కథకు అక్కరలేదని కొట్టేయండి, లేదా నాణెంలాంటి కొత్త రూపంలో మళ్ళీ ఎదురుపడేలా చేయండి.

ఆగిపోయిన ఆ సెషన్‌ను రాజప్రతినిధి గదిలోనే తిరిగి మొదలుపెట్టండి. ముందుగా మీ మిత్రులతో మామూలు గొంతుతో, "పోయినసారి ఒక సంగతి మీకు గుర్తు చేయవలసింది, చేయలేదు" అని ఒప్పుకుని, ఆ పేరు మీది చట్టం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ మాట అన్నారా, మింగేశారా అన్నది ఆటగాణ్ణే తేల్చమనండి. మింగేశానంటే సగం పలికిన అక్షరం ప్రతినిధి చెవిన పడి, ఆయన కనుబొమలు ముడిపడతాయి. అన్నానంటే గదిలో రాతపని చేస్తున్న గుమాస్తా కలం ఆగిపోతుంది, కావలివాడు తలుపు గడియ వేస్తాడు. ప్రతినిధి మాత్రం ఎవరినీ పట్టుకోమనడు. లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చి, చాలా తగ్గిన గొంతుతో, "ఆ పేరు మీకు ఎవరు నేర్పారు?" అని అడుగుతాడు. అక్కడ మీరు ఆగి, ఆటగాళ్ళు ఏం అడుగుతారో చూడండి.